నలభై దినాల దోవ

ఆళ్లగడ్డలో నబీ రసూల్ కుట్టిన పరుపు మీద పడుకుని నిద్ర పట్టలేదన్నవాడు లేడు. దూది ఏకడంలో అంతటి పనిమంతుడు. అట్లాంటివాడికి పంతొమ్మిది వందల ఎనభై రెండు ఎండాకాలం నుంచి నిద్ర కరువైంది. ఎందుకని అడిగితే ఊరంతా ఒకే మాట చెప్పేది, తల్లి పోయింది కదా, బెంగ పెట్టుకున్నాడని. బెంగ ఉన్న మాట నిజమే. కానీ బెంగ పడేవాడు నలుగురి మధ్యకు వస్తాడు, ఏడుస్తాడు, తల్లి మంచితనం చెప్పుకుంటాడు. ఇతను మాత్రం ఎవరైనా తల్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

సంగతి తెలియాలంటే కువైట్ దగ్గర మొదలుపెట్టాలి.

నబీ రసూల్ తమ్ముడు దాదా ఖలందర్. అన్నకూ తమ్ముడికీ పన్నెండేళ్ల తేడా. తండ్రి పోయేనాటికి చిన్నవాడు పాకుతున్నాడు. ఆ ఖలందర్ డెబ్బై ఆరులో ఒక ఏజెంటు వెంట కువైట్‌కు బయలుదేరాడు. కడప దిక్కున అప్పటికే చాలామంది పోయారు కానీ ఈ వీధి నుంచి పోయినవాడు అతనొక్కడే. నంద్యాలలో రైలెక్కాడు. బొంబాయిలో ఆ ఏజెంటు మహానుభావుడు ఇవాళా రేపూ అంటూ ముసాఫిర్‌ఖానా సత్రంలో నెల దాకా కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఓడ. చేరాక రాసిన మొదటి ఉత్తరంలో, ఇల్లు విడిచిన నలభయ్యో నాడు చేరితిని అని రాశాడు.

అంతే, తల్లి రహమత్‌బీకి ఆ మాట వేదమైపోయింది. కువైట్ ఎంత దూరమని ఎవరడిగినా "నలభై దినాల దోవ నాయనా" అనేది. మనిషి గడప దాటిన రోజు నుంచి చేరిన రోజు దాకా పట్టిందంతా దూరమేనని ఆమె లెక్క. ఏజెంటు తిప్పిన తిప్పలు కూడా ఆ దూరంలోనే కలిసిపోయాయి. ఆమెను తప్పుపట్టేదేముంది? కొడుకు ముసాఫిర్‌ఖానాలో కూర్చున్నా ఓడలో కూర్చున్నా తల్లికి కనపడడం లేదనేది ఒకటే. వీధి వీధంతా ఆ లెక్కనే నమ్మింది. నబీ రసూల్ కూడా నాలుగేళ్లు నమ్మాడు.

ఎనభైలో ఒక రోజు మిషన్ బడిలో పాఠాలు చెప్పే ఆనందరావు సారు తన ఇంటి పాత పరుపు విప్పించి మళ్లీ కుట్టమన్నాడు. నబీ రసూల్ వాళ్ల వాకిట్లోనే కూర్చుని దూది ఏకుతుంటే, సారు భార్య లూదియా టీ ఇచ్చింది. మాట మీద మాట వచ్చి తమ్ముడి మాట వచ్చింది.

"నలభై దినాల దోవ గదమ్మా, ఊరూరికె ఎట్ల వస్తాడు," అన్నాడు నబీ రసూల్.

ఆనందరావు సారు విరగబడి నవ్వాడు. "ఏందప్పా నబీ, కువైట్ ఏమన్నా చంద్రమండలమా?" అంటూ లోపలికి పోయి పిల్లల అట్లాసు తెచ్చి, సగం కుట్టిన పరుపు మీద పరిచాడు. "నీ దారం ఇట్లియ్యి." బొంబాయి మీద ఒక కొస, కువైట్ మీద ఒక కొస పెట్టించి, ఆ దారాన్ని కింద గీసి ఉన్న కొలత మీదికి జరిపాడు. "చూస్కో. రెండువేల ఏడెనిమిది వందల కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటలు. మనం బొంబాయి చేరేదే ఆలస్యం గానీ, బొంబాయి నుంచి ఆడికి పోయేది ఎంత సేపు? ఈపొద్దు బయల్దేరితే ఎల్లుండికి, మహా అయితే అవతలెల్లుండికి మీ యింట్లో కూచోని సంగటి తింటాడు."

"నాలుగు గంటలా సార్?"

"నాలుగే. నువ్వు రుద్రవరం పోయి పరుపు కుట్టి తిరిగొచ్చే లోపల."

నబీ రసూల్ సాయంత్రం ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అమ్మకు చెప్పాలి, ఆమె మొహం చూడాలి, అదే ఆత్రం. వాకిట్లో రహమత్‌బీ పక్కింటామెతో అంటోంది, "నా చిన్నోనికి రావల్లనే ఉంటాది. దూరం రానీదు గదమ్మా." ఆ మాట విని అతను గడప దగ్గరే నిలబడిపోయాడు. నాలుగు గంటలేనని చెబితే ఈమె ఏమనుకుంటుంది? మరి ఎందుకు రాలేదు అనుకుంటుంది. దూరమని ఏడిస్తే పరవాలేదు, ఓర్చుకోవచ్చు. పక్కనే ఉండి రాలేదని తెలిస్తే ఆ తల్లి కడుపు ఏం కావాలి? అనుకుని, దూది ఏకే విల్లు గోడకు తగిలించి, కాళ్లు కడుక్కుని, ఏమీ చెప్పకుండా అన్నానికి కూర్చున్నాడు.

ఇంతవరకు నబీ రసూల్ చేసినదాంట్లో తప్పు పట్టేవాడెవడూ లేడు. మంచి కొడుకు చేసే పనే చేశాడు. అసలు గోల ఇక్కడే ఉంది. మంచికి దాచిన మాట చేతికి అందుబాటులో ఉంటుంది, ఏనాడో చెడ్డకూ పనికొస్తుంది.

ఎనభై రెండు ఏప్రిల్‌లో రహమత్‌బీకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు మాత్రం ఆడేది. నబీ రసూల్ భార్య ఖైరున్నీసా అత్తను పసిబిడ్డలా చూసుకుంది. నబీ రసూల్ పని మానుకున్నాడు. ఎత్తి కూర్చోబెట్టేది అతనే, ఒళ్లు తుడిచేది అతనే, గంజి తాగించేది అతనే. ఎంత చేసినా ఆమె చూపు అతని భుజం మీదుగా వాకిలి వైపే పోయేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, అట్లా ఉండేది అతని బతుకు.

"నా మింద మొదటి పిడికెడు మన్ను నా చిన్నోడెయ్యల్ల," అనేది. "నాయన లేకుండ పెరిగినోడు. వాని చేత్తో ఏస్తే నాకు నిమ్మళం. యాడొస్తాడు పాపం, నలభై దినాల దోవ."

గంజి గిన్నె పట్టుకుని వినేవాడు నబీ రసూల్. నేను ఉన్నాను కదమ్మా అని ఒక్కసారైనా అనాలని ఉండేది. అనలేకపోయేవాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు తల్లి దగ్గర అలిగితే నలుగురూ నవ్వరా?

ఒక సోమవారం నంద్యాల నుంచి పిలిపించిన డాక్టరు నాడి చూసి, పిలవాల్సిన వాళ్లుంటే పిలిపించుకోండి అని చెప్పి పోయాడు. "తమ్మునికి తంతి కొట్టు పో," అంది ఖైరున్నీసా. నబీ రసూల్ ఆ పూటే నంద్యాల పోయి టెలిగ్రాం ఇచ్చి వచ్చాడు. ఇచ్చి వచ్చాడన్నది నిజం, అబద్ధం చెప్పకూడదు. అందిందో లేదో జవాబు రాలేదు.

శుక్రవారం తెల్లవారుజామున నమాజు పిలుపు అయిన కాసేపటికి రహమత్‌బీ కన్నుమూసింది. "ఖలందర్ వచ్చినాడా?" అన్నదే చివరి మాట. అడిగింది పెద్దకొడుకునే.

పొద్దెక్కేసరికి వీధి నిండింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. మసీదు పెద్దాయన నబీ రసూల్‌ను పక్కకు పిలిచాడు.

"జుమ్మా దినం పోయింది, పుణ్యాత్మురాలు. జుమ్మా నమాజు కాంగానే మట్టి చేస్తే మంచిది. కానీ చిన్నోనికి తంతి ఇచ్చినావంట గదా. వచ్చేటట్లుంటే చెప్పు. నంద్యాల నుంచి ఐసు తెప్పిచ్చి రేపు పొద్దుటి దాకా ఆపుదాం. తల్లి మొగం జూసుకుంటాడు. ఏమంటావు?"

చుట్టూ పదిమంది అతని నోటికేసి చూస్తున్నారు. నబీ రసూల్ మనసులో లెక్క గిర్రున తిరిగింది. సోమవారం తంతి. మంగళవారం అందింటాది. బుధవారం విమానం ఎక్కింటే ఈపొద్దు సాయంత్రానికి, కాదంటే రేపటికి. ఆనందరావు సారు దారం పట్టుకున్న వేళ్లు కూడా కళ్ల ముందు ఆడాయి. వాడొస్తే మొదటి పిడికెడు వాడిది. ఆరేళ్లు కంటికి కనపడనివాడు వచ్చి, ఊరంతా అయ్యో పాపమని దారి ఇస్తుంటే, మొదటి పిడికెడు వేస్తాడు. ఎత్తినవాడు, కడిగినవాడు వెనక నిలబడతాడు.

"యాడొస్తాడు పెద్దాయనా," అన్నాడు. "నలభై దినాల దోవ."

అందరూ నిట్టూర్చారు. వీధి మొత్తానికి తెలిసిన మాటే కదా. ఎవరూ మారు అడగలేదు.

జుమ్మా నమాజు కాగానే మట్టి చేశారు. మొదటి పిడికెడు నబీ రసూల్ వేశాడు. ఆ మన్ను చేతిలో ఉన్నంతసేపు అతనికి ఎంత తృప్తిగా ఉందంటే, అమ్మా చూడు, నేనే వేస్తున్నాను అని మనసులో అనుకున్నాడు కూడా. ఆ తృప్తిని తర్వాత ఏనాడూ అతను క్షమించుకోలేదు.

పొద్దు వాలుతుండగా నంద్యాల బస్సు దిగి దాదా ఖలందర్ వచ్చాడు.

వాకిట్లో షామియానా ఇంకా తీయలేదు. చాప మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అతని చేతిలో చిన్న పెట్టె, గడ్డం మాసిపోయింది, ఎండకు మొహం బొగ్గయింది. షామియానాను చూసి, అన్నను చూసి, "పెట్టేసినారా?" అన్నాడు. ఖైరున్నీసా బావురుమంది.

మసీదు పెద్దాయన నబీ రసూల్ వైపు తిరిగాడు. "ఏందప్పా, నలభై దినాలంటివే?"

నబీ రసూల్ నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో అతనికే తెలియదు. అంతలో ఖలందరే అడ్డుపడ్డాడు. "మాయన్ననేమీ అనొద్దు పెద్దాయనా. ఆయనకేం తెల్సు. విమానంలో వచ్చినా. నాలుగు గంటలే. నేనే ఎప్పుడూ రాయల్యా. తప్పు నాది."

ఖబరస్తాన్‌లో పచ్చి మట్టి పక్కన కూర్చుని అన్నకు మిగతాది చెప్పాడు. ఆఫీసులో పని అని రాసిందంతా వట్టిది. ఊరికి దూరంగా ఎడారిలో ఒక సేటుకు గొర్రెలు మేపుతున్నాడు. పాస్‌పోర్టు సేటు దగ్గర ఉంది, ఆరేళ్లుగా సెలవు లేదు.

"నాలుగు గంటలే అని రాస్తే అమ్మ రమ్మంటాది గదన్నా. రాలేనని ఎట్ల రాసేది? గొర్లకాపరినని ఎట్ల రాసేది? ఆమె నలభై దినాలనుకుంటాంటే అట్లనే ఉండనిస్తి. దూరమనుకుంటే ఎదురుచూడదులే అనుకుంటి. ఈ తూరి సేటు కాళ్లు పట్టుకుంటే పదైదు దినాలిచ్చినాడు." మట్టి మీద అరచెయ్యి పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఒక్కపూట. ఒక్కపూట ఆపింటే అందుకుంటాంటి. నువ్వేం జేస్తావులే, నీకు తెల్దు. నేను జేసుకున్న కర్మ."

చెప్పేయాలని నబీ రసూల్‌కు నాలుక కొస దాకా వచ్చింది. చెప్పకుండా తమ్ముడి వీపు నిమిరాడు.

మూడోనాడు తల్లి పేరిట చదివే ఫాతిహాకు చుట్టపక్కాలు వచ్చారు. వచ్చినవాళ్లందరికీ ఖలందర్ అదే చెప్పుకున్నాడు. నేను రాసింటే మాయన్న ఆపిండేటోడు, నేను రాయల్యా. పిలిచి మరీ చెప్పేవాడు. విన్నవాళ్లు నబీ రసూల్‌ను జాలిగా చూసేవాళ్లు. ఆ జాలి చెప్పుదెబ్బల్లా తగిలేది అతనికి. తిట్టినా బాగుండేది.

వేసవి సెలవులకు గడివేముల పోయిన ఆనందరావు సారు వారం తర్వాత తిరిగొచ్చి, కబురు విని పరామర్శకు వచ్చాడు. అతన్ని వాకిట్లో చూడగానే నబీ రసూల్ లేచి ఎదురుపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకుండానే "సారు పరుపు కుట్టిస్తాడు నా కాడ" అని తమ్ముడికి చెప్పుకొచ్చాడు. ఖలందర్ సారుకు కూడా తన తప్పు చెప్పుకున్నాడు. దూరం సంగతి మాయన్నకు తెల్దు సార్, తెలిసింటే ఆపిండేటోడు.

ఆనందరావు సారు ఏదో అనబోయి నబీ రసూల్‌ను చూశాడు. నబీ రసూల్ తల దించుకున్నాడు. సారు ఖైరున్నీసా ఇచ్చిన నీళ్లు మొత్తం తాగి లేచాడు. వీధి మలుపు దాకా సాగనంపడానికి వెళ్లిన నబీ రసూల్‌తో, "నేను చెప్పేది కాదప్పా ఇది. నువ్వు చెప్పుకోవల్సింది," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

సెలవు అయిపోవస్తున్నా ఖలందర్ ప్రయాణం మాట ఎత్తలేదు. ఖైరున్నీసా అడిగితే, "నేను పోను వదినా. అమ్మకు దూరమని చెప్పి మోసం చేసినోన్ని. ఇంగ ఏ మొగం పెట్టుకోని పోయేది? ఈన్నే యాడన్న కూలికి పోతా," అన్నాడు. అన్నం సరిగా తినడు. పొద్దున పోయి ఖబరస్తాన్‌లో కూర్చుంటే మళ్లీ మధ్యాహ్నానికి రావడం. చిక్కి సగమయ్యాడు. నబీ రసూల్ చూస్తూనే ఉన్నాడు. తన ఒక్క మాటతో ఆ భారం దిగిపోతుంది. ఆ మాట అంటే తన మొహం ఇంకెవరికీ చూపించుకోలేడు. ఈ రెంటి మధ్యన నలిగిపోయాడు.

ఇంకో మూడు రోజుల్లో సేటిచ్చిన గడువు తీరుతుందనగా, నబీ రసూల్ వాకిట్లో దూది ముందర వేసుకుని కూర్చున్నాడు. ఖలందర్ వచ్చి ఎదురుగా కూర్చుని, చిన్నప్పటి అలవాటుగా దూదిలో గింజలు ఏరసాగాడు. నబీ రసూల్ విల్లు పక్కన పెట్టాడు.

"ఖలందరా, నువ్వు పో. తప్పు నీది కాదు," అన్నాడు నబీ రసూల్. "నాకు తెల్సు. నాలుగు గంటలేనని నాకు రెండేండ్ల నుంచి తెల్సు. ఆనందరావు సారు పటంలో చూపిచ్చినాడు."

ఖలందర్ చేతిలోని దూది అట్లాగే ఉండిపోయింది. "అమ్మకు చెప్పినావా?"

"లేదు."

"నిజంగ చెప్పల్యా?"

"నీ మింద ఒట్టు. నువ్వు రాల్యాక పోతాండావనే అనుకునింది. రాకుండ ఉండావని అనుకోలేదు."

ఖలందర్ గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. ఊరికి వచ్చాక మొదటిసారి అతని మొహం తేటపడింది. "అది సాలన్నా. ఆమెకు తెల్సింటాదేమోనని సచ్చిపోతాంటి," అన్నాడు. నబీ రసూల్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గట్టెక్కాననుకున్నాడు పాపం.

మళ్లీ గింజ ఏరబోయిన ఖలందర్ చెయ్యి నడుమలో ఆగింది.

"అయితే జుమ్మా దినం, పెద్దమనుషులు అడిగినప్పుడు గూడ నీకు తెల్సు."

"తెల్సు."

"తెల్సి చెప్పినావు."

నబీ రసూల్ తల ఊపాడు.

"మొదటి పిడికెడు ఎవరేసిరి?"

"నేనే."

ఖలందర్ చేతులకు అంటుకున్న దూది నూగును మెల్లగా దులుపుకుని లేచాడు. మరునాడు వదినకు సలాం చెప్పి బయలుదేరాడు. నబీ రసూల్ పెట్టె మోసుకుంటూ బస్టాండు దాకా వెంట నడిచాడు. తమ్ముడు వద్దనలేదు, పలకరించనూ లేదు. పెట్టె అందుకుని బస్సెక్కి అవతలి వైపు సీట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాత ఉత్తరాలు ఖైరున్నీసా పేరు మీద వచ్చేవి. వదినా బాగుండావా, పిల్లలు బాగుండారా అని ఉండేది. అన్న మాట ఉండేది కాదు. నబీ రసూల్ ప్రతి ఉత్తరం చదివించుకుని, ఇంకేమన్నా ఉందేమో చూడు అని చదివినవాణ్ని విసిగించేవాడు. కోపం ఎన్నాళ్లుంటుందిలే, ఒక కడుపున పుట్టినోళ్లం, ఏడాది ఫాతిహాకు తప్పక వస్తాడు, వచ్చినప్పుడు కాళ్లు పట్టుకుంటా అనుకున్నాడు. ఏడాది దగ్గరపడేసరికి తమ్ముడి కోసమని కొత్త పరుపు కూడా కుట్టి పెట్టాడు.

ఆ రోజు పొద్దుటి నుంచి వాకిట్లోనే ఉన్నాడు. ఖైరున్నీసా వండిపెట్టి ఎదురుచూసింది. మధ్యాహ్నం దాటింది. ఇక రాడులే అనుకుని, నబీ రసూల్ ఊదొత్తులు తీసుకుని ఒక్కడే ఖబరస్తాన్‌కు బయలుదేరాడు. ఇంటికీ దానికీ మధ్యన రెండే వీధులు.

తల్లి సమాధి మీద అప్పటికే పూల చాదరు పరిచి ఉంది. తడి ఇంకా ఆరలేదు. తలాపున ఊదొత్తులు సగం దాకా కాలాయి.

అక్కడ కాపలా ఉండే ముసలి ఫకీరు చీపురు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. "మీ తమ్ముడు ఎంత మంచోడప్పా. పొద్దున బస్సు దిగి నేరుగా ఈడికే వచ్చినాడు. ఇంతసేపూ తల్లి కాడ్నే కూచోనుండె. ఈ తూరి సేటు ఐదు దినాలే ఇచ్చినాడంట, మళ్ల నంద్యాల బస్సుకే పోవల్ల అనె. అరగంట కింద పాయ. అంత దూరం నుంచి వచ్చి, తల్లి కోసరం. ఇంటికి పోయి ఇంత అన్నమన్నా తిని పోతాడా లేదా అనుకుంటి."

నబీ రసూల్ తెచ్చిన ఊదొత్తులను వెలిగించబోయాడు. రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి.

"వచ్చినాడు," అన్నాడు తల ఎత్తకుండా. "వాళ్ల వదిన పెట్టిందంతా తినిపాయ."